పీహెచ్‌డీ లేని పాస్టర్ సెమినరీ ప్రొఫెసర్ ఎలా అయ్యాడు? రైన్‌హోల్డ్ నీబూర్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

పుస్తకంపురుగు

అందరికీ నమస్కారం అండీ. నేను థియాలజీ (దేవుడూ మతం గురించిన శాస్త్రం) స్టూడెంట్‌ని కాదు, చరిత్ర మీద ఆసక్తితో ఏదో ఒకటి చదువుతుంటాను అంతే. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైల్లో కూర్చుని రాసిన ఉత్తరం ఉంది కదా, అందులో ఒకచోట నీబూర్ పేరు వస్తుంది, మనిషి ఒక్కడుగా ఉన్నప్పటి కంటే గుంపులో ఉన్నప్పుడే నీతి ఎక్కువ తప్పుతాడని ఆయన మనకి గుర్తుచేశాడు అని. ఎవరబ్బా ఈయన అని కొంచెం తవ్వితే, అమెరికాలో ప్రొటెస్టెంట్ పాస్టర్, 1915 నుంచి 1928 దాకా డెట్రాయిట్‌లో ఒకే సంఘానికి కాపరి, ఆ తరవాత 1928 నుంచి 1960 దాకా న్యూయార్క్‌లో యూనియన్ థియలాజికల్ సెమినరీ (పాస్టర్లని తయారు చేసే కాలేజీ)లో టీచర్ అని తెలిసింది.

నాకు అర్థం కానిది ఏంటంటే ఆయనకి డాక్టరేట్ లేదంట. అంత పెద్ద సెమినరీ, డాక్టరేట్ లేని ఒక సంఘ కాపరిని ఎలా తీసుకుంది, తీసుకున్నాక ఆయన క్లాసులో ఏం చెప్పేవాడు, ఊరికే పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడా లేక నిజంగా స్టూడెంట్స్‌ని తయారు చేశాడా? ఇంకోటి, ఆ 13 ఏళ్ళు ఆయన నిజంగా పాస్టర్ పని చేశాడా, అంటే రోగుల్ని చూడ్డం, సమాధి కార్యక్రమాలు, సండే స్కూల్, ఇవన్నీ, లేక ప్రసంగం చేసి ట్రైన్ ఎక్కేసే రకమా? వికీలో తేదీలు తప్ప ఏం లేవు, కాస్త లోతుగా తెలిసినవాళ్ళు ఉంటే రాయండి ప్లీజ్.

---

కాపరిగారబ్బాయి

మంచి ప్రశ్న వేశారు. మా నాన్న పాస్టర్, నేను కాలేదు, కానీ ఈయన్ని మాత్రం వదలకుండా చదివాను కాబట్టి డెట్రాయిట్ సంగతి నేను చెప్తాను, సెమినరీ సంగతి ఇంకెవరైనా అందుకోండి.

ముందు ఇంటి సంగతి. 1892లో మిస్సోరీ రాష్ట్రంలో రైట్ సిటీ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నాన్న గుస్తావ్ జర్మనీ నుంచి వచ్చిన పాస్టర్, ఇంట్లో గుళ్ళో అంతా జర్మన్ భాషే. ఎల్మ్‌హర్స్ట్‌లో చదివాడు, అది అప్పటికి సరైన డిగ్రీ కూడా ఇవ్వని స్కూల్, తరవాత ఈడెన్ సెమినరీ, 1913లో అయిపోయింది. అదే ఏడు నాన్న చనిపోయారు. కొన్ని నెలలు నాన్న పల్పిట్‌లోనే (చర్చిలో ప్రసంగం చేసే చోటు) నిలబడి సంఘాన్ని చూసుకుని అప్పుడు యేల్ వెళ్ళాడు. అక్కడ రెండేళ్ళు, బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్ల డిగ్రీ) ఒకటి, ఎంఏ ఒకటి. ఆ తరవాత చదువు ఆపేశాడు. ఎందుకు ఆపావయ్యా అంటే తరవాత ఆయనే రాసుకున్నాడు, ఇంట్లో అవసరాలు ఒక కారణం, జ్ఞానం అంటే ఏంటి మనకి ఎలా తెలుస్తుంది అనే ఆ ఫిలాసఫీ క్లాసులంటే విసుగొచ్చేయడం ఇంకో కారణం అని. ఇంత నిజాయితీగా చెప్పిన ప్రొఫెసర్‌ని నేను ఇంకొకర్ని చూళ్ళేదు.

1915లో వాళ్ళ సినడ్ (వాళ్ళ చర్చిలన్నిటి మీదా ఉండే సంస్థ) డెట్రాయిట్‌లో బేతేల్ ఇవాంజెలికల్ చర్చ్‌కి పంపించింది. వయసు 23. సంఘంలో 65 మంది. నాన్న పోయారు కాబట్టి అమ్మ లిడియా కూడా కొడుకుతోపాటే వచ్చేసింది. ఇక్కడ మీ రెండో ప్రశ్నకి జవాబు ఉంది, చర్చిలో రోజువారీ పని, సండే స్కూలు, ఆడవాళ్ళ మీటింగులు, ఇవన్నీ చాలా మటుకు ఆవిడ భుజాల మీద నడిచాయి. కాపరి ఇంట్లో పెరిగినవాడిగా నాకు ఇది వింతగా అనిపించదు, జీతం ఒకరికి ఇస్తే పని ఇద్దరు చేస్తారు ఎక్కడైనా.

అలాగని ఈయన తప్పించుకు తిరిగాడని కాదు. 1915 నుంచి 28 దాకా ఒక నోట్‌బుక్‌లో రాసుకున్న మాటల్ని 1929లో పుస్తకంగా వేశారు, లీవ్స్ ఫ్రమ్ ద నోట్‌బుక్ ఆఫ్ ఎ టేమ్డ్ సినిక్ అని. మొదటి పేజీల్లోనే ఉంటుంది, ఒక డజను ప్రసంగాలు చేసేసరికి చెప్పిందే చెప్తున్నానని గమనించాడు, సెమినరీలో నేర్చుకున్న సరుకంతా అయిపోయింది అన్నమాట. ఇంకోచోట, విజిటింగ్‌కి వెళ్ళాలంటే భయం, సంఘస్థుల ఇంటి ముందు నుంచి రెండు మూడుసార్లు అటూ ఇటూ నడిచి అప్పుడు గాని తలుపు కొట్టే ధైర్యం వచ్చేది కాదంట. ఇది చదివి మా నాన్న ఎంత నవ్వారో, "వాళ్ళకీ అంతేనా" అన్నారు.

ఇప్పుడు అసలు విషయం. డెట్రాయిట్ అంటే మామూలు ఊరు కాదు అప్పుడు. 1910లో 4.65 లక్షల జనం, 1920కి 9.93 లక్షలు, పదేళ్ళలో డబుల్ దాటింది, అంతా కార్ల ఫ్యాక్టరీల వల్లే. హెన్రీ ఫోర్డ్ 1914లో రోజుకి 5 డాలర్ల కూలి అని ప్రకటించి ప్రపంచమంతా దేవుడనిపించుకున్నాడు. నీబూర్ మాత్రం దగ్గరుండి చూస్తున్నాడు కాబట్టి వేరే లెక్క వేశాడు. 1926లో ఫోర్డ్ వారానికి ఐదు రోజుల పని అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, ఈయన క్రిస్టియన్ సెంచరీ అనే పత్రికలో రాశాడు, రోజులు తగ్గాయి, పని స్పీడు పెరిగింది, వారం చివర చేతికొచ్చే డబ్బు మాత్రం తగ్గింది, ఇందులో దానధర్మం ఎక్కడుంది అని. 1927లో పాత మోడల్ టి ఆపేసి కొత్త మోడల్ ఎ కోసం ఫ్యాక్టరీ నెలల తరబడి మూసేస్తే పని పోయినవాళ్ళ పరిస్థితి కళ్ళారా చూశాడు. కొత్త కారు ఎంత బాగుందో పేపర్లు రాస్తుంటే ఈయన నోట్‌బుక్‌లో ఆ కారుకి మనుషులు కట్టిన ఖరీదు గురించి రాసుకున్నాడు. ఒకసారి ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళి పోతపోసే చోట ఆ వేడీ ఆ గోల చూసొచ్చి, మేమందరం ఈ కార్లు ఎక్కి తిరుగుతాం, ఇవి తయారుకావడానికి ఏం పోతుందో ఎవరికీ పట్టదు, మాకందరికీ ఇందులో బాధ్యత ఉంది అన్న అర్థం వచ్చేలా రాశాడు.

సంఘం మాత్రం పెరిగింది, 65 నుంచి దాదాపు 700 అయ్యారు ఆయన వెళ్ళేసరికి. జర్మన్ ఆరాధన తగ్గించి ఇంగ్లీష్‌కి మార్చాడు, మొదటి ప్రపంచ యుద్ధం టైంలో అది చిన్న విషయం కాదు, ముసలివాళ్ళకి కోపం, బయటివాళ్ళకి అనుమానం, మధ్యలో ఈయన. 1925 మేయర్ ఎలక్షన్‌లో కూ క్లక్స్ క్లాన్ (తెల్లవాళ్ళే గొప్ప అనే జాతి ద్వేషుల రహస్య సంఘం) సపోర్ట్ చేసిన అభ్యర్థికి వ్యతిరేకంగా పల్పిట్ నుంచే మాట్లాడాడు. అదే ఏడు ఒసియన్ స్వీట్ అనే నల్లజాతి డాక్టర్ తెల్లవాళ్ళ వీధిలో ఇల్లు కొంటే తెల్లవాళ్ళ గుంపు ఆ ఇంటి మీద పడిన గొడవ జరిగింది, దాని తరవాత మేయర్ వేసిన జాతుల మధ్య సంబంధాల కమిటీకి చైర్మన్ నీబూరే.

చాలా పెద్దదైపోయింది, ఇక్కడ ఆపుతున్నా.

---

నిద్రపట్టనిరాత్రి

నాకు ఈయన గురించి తెలిసింది ఒక్కటే, మార్చలేనివాటిని ఒప్పుకునే ప్రశాంతత, మార్చగలిగినవాటిని మార్చే ధైర్యం, రెండిటికీ తేడా తెలిసే జ్ఞానం ఇవ్వు అని ఒక ప్రార్థన ఉంది కదా, మందు మానేయాలనుకునేవాళ్ళ మీటింగుల్లో చెప్పేది, అది ఈయనదే అంటారు. నిజమేనా? ఎవరో కాదని కూడా అన్నారు.

---

లైబ్రరీమూల

@నిద్రపట్టనిరాత్రి ఆయనదే అనుకోవచ్చు. 2008లో యేల్‌లో ఫ్రెడ్ షపీరో అనే లైబ్రేరియన్ 1930ల నాటి పేపర్లలోనే ఇలాంటి మాటలు కనిపిస్తున్నాయని అనుమానం లేవదీశాడు, నీబూర్ కూతురు గట్టిగా కాదంది. తరవాత అదే షపీరోకి ఇంకొన్ని ఆధారాలు దొరికాయి, వైడబ్ల్యూసీఏ అనే క్రైస్తవ మహిళా సంస్థలో పనిచేసిన విన్నిఫ్రెడ్ వైగల్ 1932లోనే డైరీలో ఈ మాటలు నీబూర్‌వని రాసుకుంది, దాంతో ఆయనే ఒప్పుకున్నాడు నీబూర్‌దే అయ్యుండాలి అని. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళు 1940ల మొదట్లో తీసుకున్నారు. తన ప్రసంగాలూ ప్రార్థనలూ నాదీ నాదీ అని పట్టుకు కూర్చునే మనిషి కాదాయన, అందుకే ఈ గందరగోళం.

ఇక పుస్తకంపురుగు గారి ప్రశ్నకి వద్దాం, డాక్టరేట్ లేకుండా ఎలా. సూటిగా చెప్పాలంటే డబ్బు ఒకరు పెట్టారు, సెమినరీ సరే అంది. షెర్వుడ్ ఎడ్డీ అని వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో పెద్ద మనిషి, సొంత ఆస్తి ఉన్నవాడు, నీబూర్ ప్రసంగాలకి పడిపోయాడు. డెట్రాయిట్‌లో ఉండగానే నీబూర్ కాలేజీలు తిరిగి మాట్లాడ్డానికి వీలుగా చర్చిలో అసిస్టెంట్‌ని పెట్టుకోవడానికి డబ్బు ఇచ్చాడు (అందుకే పైన అడిగిన ట్రైన్ ఎక్కేసే రకమా అన్న ప్రశ్నలో సగం నిజం ఉంది, బాగానే ఎక్కాడు). 1923లో యూరప్‌కి తీసుకెళ్ళాడు, ఫ్రాన్స్ సైన్యం ఆక్రమించిన జర్మనీలోని రూర్ ప్రాంతం చూపించాడు. 1928లో యూనియన్ సెమినరీలో క్రైస్తవ నీతిశాస్త్రం చెప్పే పోస్టుకి మొదట్లో జీతం కూడా ఎడ్డీ జేబులోంచే. సెమినరీలో అందరికీ ఇష్టం లేదు, పండితుడు కాదు పత్రికల్లో రాసుకునే పాస్టర్ అనేవాళ్ళు ఉన్నారు. కానీ రెండేళ్ళు తిరిగేసరికి 1930లో పూర్తి ప్రొఫెసర్, అప్లైడ్ క్రిస్టియానిటీ అనే పీఠం. అంటే నమ్మింది బతుకులో ఎలా దిగుతుంది అని చెప్పే సబ్జెక్టు.

ఇంకో విషయం మర్చిపోకూడదు, అప్పట్లో సెమినరీ అంటే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ లాంటిది కాదు, పాస్టర్లని తయారు చేసే చోటు. పీహెచ్‌డీ లేకపోవడం ఇప్పుడు మనకి కనిపించేంత వింత కాదు. పెద్ద పేరున్న థియాలజీ పండితుడు కార్ల్ బార్త్‌ని చూడండి, 1911 నుంచి 21 దాకా స్విట్జర్లాండ్‌లో సాఫెన్‌విల్ అనే చిన్న ఊళ్ళో పాస్టర్, మామూలుగా చదివి సంపాదించిన డాక్టరేట్ లేదు, బైబిల్లోని రోమా పత్రిక (పౌలు రాసిన ఉత్తరం) మీద ఆయన రాసిన వ్యాఖ్యానం చదివి జర్మనీలోని గటింగెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా పిలిచింది. ఫ్యాక్టరీ కార్మికుల పక్షాన నిలబడి ఊళ్ళో మాట పడ్డవాడు ఆయన కూడా. నీబూర్‌కీ బార్త్‌కీ తరవాత ఉప్పూ నిప్పూ, కానీ దారి మాత్రం ఒకటే.

క్లాసు సంగతి. నోట్సు డిక్టేట్ చేసే రకం కాదు. వేగంగా మాట్లాడేవాడు, చేతులు ఊపుతూ, ఒక మాట పూర్తవకముందే ఇంకోదాంట్లోకి దూకేవాడు, పేపర్లో పొద్దున వచ్చిన వార్తకీ పాపం అనే సిద్ధాంతానికీ ముడి పెట్టేవాడు. వారం అంతా క్లాసులు, శని ఆదివారాలు ఏదో ఒక కాలేజీ చాపెల్‌లో ప్రసంగం. సాయంత్రాలు ఇంట్లో స్టూడెంట్స్ గుమిగూడేవాళ్ళు. 1931లో పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ అర్సులా కెప్పెల్ కాంప్టన్, ఆక్స్‌ఫర్డ్‌లో థియాలజీ చదివి ఇంగ్లండ్ నుంచి యూనియన్‌కి ఫెలోషిప్ మీద వచ్చింది, తరవాత పక్కనే బర్నార్డ్ కాలేజీలో మతం డిపార్ట్‌మెంట్ ఆవిడే నిలబెట్టింది. చివరి రోజుల్లో 1965 పుస్తకం ముందుమాటలో ఆయనే ఒప్పుకున్నాడు, నా ఆలోచనల్లో ఆవిడది ఎంతో నాది ఎంతో విడదీయలేను అన్నంత పని. కవర్ మీద మాత్రం ఒక్క పేరే మరి.

స్టూడెంట్స్‌ని తయారు చేశాడా అన్నారు. ఒక్క ఉదాహరణ చాలు. మైల్స్ హోర్టన్ అని టెనెస్సీ కుర్రాడు, 1929లో యూనియన్‌కి వచ్చాడు, పాస్టర్ అవ్వాలని కూడా లేదు అతనికి. కొండ ప్రాంతాల్లో పేదవాళ్ళకి ఒక స్కూలు పెట్టాలని కోరిక. వద్దు, ముందు డిగ్రీ పూర్తి చెయ్ అనలేదు ఈయన, ఆ స్కూలుకి చందాలు అడుగుతూ తనే ఉత్తరం రాశాడు. 1932లో హైలాండర్ ఫోక్ స్కూల్ మొదలైంది. 1955 ఆగస్టులో రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళ అక్కడికే ట్రైనింగ్‌కి వెళ్ళింది, అదే డిసెంబర్‌లో మాంట్‌గోమరీలో తెల్లవాళ్ళ కోసం బస్సు సీట్లోంచి లేవనంది. ఆ ఒక్క స్కూలే వచ్చినా ఆ సెమినరీ పెట్టిన ఖర్చు తీరినట్టే అని నా లెక్క.

---

పుస్తకంపురుగు

బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు, ఇద్దరికీ థాంక్స్ అండీ. బాన్‌హోఫర్ కూడా ఈయన స్టూడెంటే అని ఎక్కడో చదివాను, హిట్లర్‌కి ఎదురు తిరిగిన పాస్టర్, నిజమేనా? ఇంకా గాంధీ గారి గురించి కూడా ఈయన రాశాడంట కదా, ఏం రాశాడు?

---

లైబ్రరీమూల

నిజమే. డీట్రిష్ బాన్‌హోఫర్ 1930-31లో ఒక ఏడాది యూనియన్‌లో ఉన్నాడు, అప్పటికే బెర్లిన్‌లో డాక్టరేట్ అయిపోయింది, వయసు 24. అక్కడి థియాలజీ ఆయనకి అస్సలు నచ్చలేదు, ఇక్కడ దేవుడి సంగతి కంటే సమాజం సంగతే ఎక్కువ మాట్లాడతారు అని కంప్లైంట్. అంటే నీబూర్ క్లాసు మీద కూడా అన్నమాట. ఆయన్ని నిజంగా కదిలించింది క్లాసు కాదు, నల్లజాతి క్లాస్‌మేట్ ఫ్రాంక్ ఫిషర్‌తో కలిసి వెళ్ళిన న్యూయార్క్‌లో నల్లజాతి వాళ్ళ పేట హార్లెమ్‌లోని అబిస్సీనియన్ బాప్టిస్ట్ చర్చ్. తరవాత జర్మనీలో ఆయనే ఒక సెమినరీ నడిపాడు ఫింకెన్‌వాల్డేలో, 1935 నుంచి, 1937లో గెస్టపో (నాజీల రహస్య పోలీసులు) వచ్చి మూసేసింది. 1939లో ప్రాణం కాపాడుకోమని అమెరికా స్నేహితులు పిలిపించారు, అందులో నీబూర్ చెయ్యి ఉంది. వచ్చి కొన్ని వారాలు కూడా ఉండలేకపోయాడు. ఈ కష్టకాలం నా వాళ్ళతో కలిసి అనుభవించకపోతే యుద్ధం అయ్యాక వాళ్ళతో కలిసి కట్టే హక్కు నాకు ఉండదు అని నీబూర్‌కే ఉత్తరం రాసి వెళ్ళిపోయాడు. 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. పిలిపించింది ఈయనే, వద్దని వెళ్ళిపోయే ఉత్తరం అందుకున్నదీ ఈయనే.

పాల్ టిల్లిక్ అనే జర్మన్ థియాలజీ ప్రొఫెసర్ విషయంలో మాత్రం ఫలించింది. 1933లో నాజీలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం పీకేస్తే నీబూర్ పూనుకుని యూనియన్‌కి తెప్పించాడు, మిగతా టీచర్లు తమ జీతాల్లోంచి కొంత వదులుకున్నారు ఆయనకి ఇవ్వడానికి. డిప్రెషన్ (ఆర్థిక మాంద్యం) రోజులు అవి, చేతిలో ఉద్యోగం ఉండటమే గొప్ప అన్న టైం.

---

ఎదురుగాలి

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను కొంచెం చేదు మాట చెప్తా, తిట్టుకోకండి.

జేమ్స్ కోన్ పేరు విన్నారా, నల్లజాతి విముక్తి థియాలజీకి మూలపురుషుడు, ఆయన కూడా అదే యూనియన్ సెమినరీలో దశాబ్దాలు ప్రొఫెసర్. 2011లో ఆయన రాసిన పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం నీబూర్ మీదే. ప్రశ్న ఒక్కటే, సిలువ గురించి అమెరికాలో ఇంత లోతుగా ఆలోచించిన మనిషికి, అదే దేశంలో చెట్లకి వేలాడుతున్న నల్లజాతి వాళ్ళ శవాలు ఆ సిలువతో ఎందుకు కలవలేదు? నీబూర్ లించింగ్ (విచారణ లేకుండా గుంపు చంపేయడం) తప్పని అన్నాడు, అనలేదని కాదు. కానీ తన థియాలజీకి నడిమధ్యన అది ఎప్పుడూ రాలేదు. యూనియన్ నుంచి హార్లెమ్ నడిచి వెళ్ళే దూరం. జర్మనీ నుంచి ఒక్క ఏడాదికి వచ్చిన బాన్‌హోఫర్ నడిచి వెళ్ళాడు కదా.

డెట్రాయిట్ కమిటీ చైర్మన్ అని కాపరిగారబ్బాయి అన్న చెప్పారు, సరే. కానీ నీబూర్ వెళ్ళిపోయాక వచ్చిన పాస్టర్ టైంలో బేతేల్ చర్చిలో నల్లజాతి వాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడం మీద పెద్ద గొడవై చివరికి ఆ పాస్టర్ వెళ్ళిపోవాల్సి వచ్చింది. 13 ఏళ్ళు ఈయన కాపరిగా ఉన్న సంఘం అది! ప్రసంగాల్లో ఊరు మొత్తాన్ని కడిగేశాడు గానీ సొంత సంఘాన్ని ఆ ఒక్క మెట్టు ఎక్కించలేదు. 1954లో స్కూళ్ళలో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక కూడా ఈయన సలహా నెమ్మదిగా వెళ్ళండి, దక్షిణాది తెల్లవాళ్ళకి టైం ఇవ్వండి అనే.

ఇంకోటి, ఆ చర్చిలో ఫ్యాక్టరీ కార్మికుల కంటే మధ్యతరగతి వాళ్ళే ఎక్కువ. ఫోర్డ్‌ని తిడితే వాళ్ళకి పోయేదేమీ లేదు. అందుకే అంత స్వేచ్ఛగా తిట్టగలిగాడు అనిపిస్తుంది నాకు. 1928లో న్యూయార్క్ వెళ్ళిపోయాక 1929లో డిప్రెషన్ వచ్చింది, డెట్రాయిట్ నాశనమైంది, అప్పుడు అక్కడ కాపరిగా ఉండి ఉంటే తెలిసేది.

---

కాపరిగారబ్బాయి

ఎదురుగాలి, తమ్ముడో చెల్లో తెలీదు గానీ మాట బాగా చెప్పావు, తిట్టుకునేదేముంది. కోన్ అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. కానీ చివరి పేరా మాత్రం ఒప్పుకోను. 1926లో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ సభలు డెట్రాయిట్‌లో జరిగినప్పుడు కార్మిక సంఘాల నాయకుల్ని ఆదివారం చర్చిల్లో మాట్లాడమని పిలిచారు, ఊళ్ళో వ్యాపారస్థుల ఒత్తిడి వచ్చేసరికి పిలిచిన చర్చిలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి తగ్గాయి. నోట్‌బుక్‌లో దాని మీద ఎంత కోపంగా రాశాడో చూడు. ఫోర్డ్‌ని ఏమన్నా ఏమీ కాదు అనే పరిస్థితే ఉంటే ఆ పెద్ద పెద్ద చర్చిలు ఎందుకు భయపడతాయి?

అయితే నువ్వన్నదాంట్లో నాకు ఎప్పటినుంచో గుచ్చుకునే సంగతి ఒకటి ఉంది. సంఘం అంటే ప్రేమగా ఉండే మంచి మనుషులే, విడివిడిగా చూస్తే ఒక్కరూ చెడ్డవాళ్ళు కాదు, కలిసి కూర్చుని ఓటు వేయమంటే మాత్రం ఇంకొకర్ని లోపలికి రానివ్వరు. 1932లో వచ్చిన మోరల్ మ్యాన్ అండ్ ఇమ్మోరల్ సొసైటీ మొత్తం ఈ సంగతే. జైల్లోంచి కింగ్ గుర్తుచేసుకున్నది కూడా ఇదే కదా పుస్తకంపురుగు గారూ. లైబ్రరీలో కూర్చుంటే వచ్చే ఆలోచన కాదది, చర్చి కమిటీ మీటింగుల్లో 13 ఏళ్ళు కూర్చున్నవాడికి వచ్చే ఆలోచన. ఆయన సెమినరీలో 32 ఏళ్ళు చెప్పిందంతా డెట్రాయిట్‌లో తేలని లెక్కే అని నా అభిప్రాయం. బేతేల్ గొడవ ఆ సిద్ధాంతానికి సాక్ష్యం కూడా, ఆయన మీద ఫిర్యాదు కూడా.

గాంధీ గారి సంగతి అడిగారు, అది కూడా ఇదే పుస్తకంలో ఉంది. గాంధీ అంటే గౌరవం ఉంది, కానీ అహింస అంటే బలప్రయోగం కాదు అనే మాట ఒప్పుకోడు. విదేశీ బట్టల బహిష్కరణ వల్ల మాంచెస్టర్ మిల్లు కార్మికుల పిల్లలు పస్తులున్నారు, వాళ్ళేం తప్పు చేశారు, కాబట్టి అహింస కూడా ఒత్తిడే, అమాయకులకి కూడా తగులుతుంది అంటాడు. అలాగని వద్దనలేదు. అణగదొక్కబడి, సంఖ్యలో తక్కువగా ఉండి, చేతిలో బలం లేనివాళ్ళకి ఇదే సరైన దారి, అమెరికాలో నల్లజాతి వాళ్ళ విముక్తి ఇలాంటి పోరాటం కోసమే ఎదురు చూస్తోంది అని అదే పుస్తకంలో రాశాడు. 1932లో! అప్పటికి కింగ్ వయసు మూడేళ్ళు. కింగ్ నడిపిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణకి ఇంకా 23 ఏళ్ళు ఉంది. ఎదురుగాలి అన్న నెమ్మదిగా వెళ్ళండి నీబూర్ కూడా ఈయనే, ఈ మాట రాసిన నీబూర్ కూడా ఈయనే, నేను రెండిటినీ ఒకే మనిషిలో ఇరికించడానికి ఇప్పటికీ కష్టపడుతున్నా.

---

ఎదురుగాలి

చెల్లినే అన్నా 🙂 1932 మాట ఒప్పుకుంటా. కానీ అదే నా కోపం కూడా, అంత ముందుగా చూసినవాడు టైం వచ్చినప్పుడు ఎందుకు తగ్గాడు అని. 1952లో పక్షవాతం వచ్చింది, ఒక పక్క సరిగ్గా పనిచేసేది కాదు, ఆ తరవాత ప్రయాణాలు ప్రసంగాలు బాగా తగ్గిపోయాయి, అది ఒక కారణం అంటారు కొందరు. నాకు అది పూర్తి జవాబుగా అనిపించదు.

---

నిద్రపట్టనిరాత్రి

పక్షవాతంతో 1960 దాకా క్లాసులు చెప్పాడా?? 8 ఏళ్ళు?

---

లైబ్రరీమూల

చెప్పాడు. ఎడమ పక్క దెబ్బతింది, అలసిపోయేవాడు, అయినా సెమినరీ వదల్లేదు. అదే టైంలో 1955 నుంచి వైస్ ప్రెసిడెంట్ బాధ్యత కూడా. 1964లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వచ్చింది. 1971 జూన్ 1న మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్‌లో పోయాడు, 78 ఏళ్ళు. ఓపిక ఉన్న రోజుల్లో మాత్రం మామూలు మనిషి కాదు, 1939లో ఎడిన్‌బరోలో గిఫర్డ్ లెక్చర్స్ అనే పేరున్న ఉపన్యాసాలు ఇస్తుంటే దగ్గర్లో నౌకా స్థావరం మీద జర్మన్ విమానాలు దాడికి వచ్చాయి, వింటున్నవాళ్ళకి తుపాకుల మోత వినిపిస్తోంది, ఈయన మాత్రం మనిషి స్వభావం గురించి చెప్పుకుంటూ పోతూనే ఉన్నాడంట. ఆ లెక్చర్లే రెండు భాగాలుగా ద నేచర్ అండ్ డెస్టినీ ఆఫ్ మ్యాన్ అయ్యాయి, 1941, 1943.

@ఎదురుగాలి మీ ప్రశ్నకి రాజకీయం కూడా కలపాలి. 1930లోనూ 32లోనూ సోషలిస్ట్ పార్టీ తరఫున పోటీ చేసి ఓడిపోయినవాడు, 1940కి ఆ పార్టీ వదిలేశాడు, యుద్ధం తరవాత వాషింగ్టన్ పెద్దలు పిలిచి సలహా అడిగే స్థాయికి వచ్చాడు, 1948లో టైమ్ పత్రిక కవర్ మీద బొమ్మ వేసింది. పెద్దవాళ్ళ గదిలో కుర్చీ దొరికాక గొంతు మారడం పాస్టర్లలో కొత్తేం కాదు. ఆయన తమ్ముడు రిచర్డ్ నీబూర్ యేల్‌లో ప్రొఫెసర్, ఆయన కూడా పాస్టర్‌గా పనిచేసి వచ్చినవాడే. ఇద్దరూ 1932లో చైనాలోని మంచూరియా మీద జపాన్ దాడి గురించి క్రిస్టియన్ సెంచరీలో బహిరంగంగా వాదించుకున్నారు, అమెరికా ఏం చెయ్యకుండా ఊరుకోవడంలో కూడా అర్థం ఉంది అని తమ్ముడు, ఊరుకోవడం కుదరదు అని అన్న. ఎప్పుడూ ఏదో ఒకటి చెయ్యాలి అనే మనిషికి అధికారం దగ్గరగా వెళ్ళాలన్న తొందర కూడా ఉంటుంది, తమ్ముడికి ఆ జబ్బు లేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే.

---

పుస్తకంపురుగు

అందరికీ మళ్ళీ థాంక్స్. నేనొక పుస్తకంతో మొదలుపెట్టాలంటే ఏది? పెద్ద థియాలజీ పుస్తకాలు నా వల్ల కాదు, ముందే చెప్తున్నా.

---

కాపరిగారబ్బాయి

నోట్‌బుక్. చిన్న చిన్న ముక్కలు, ఒక్కోటి అర పేజీ ఒక పేజీ, ఎక్కడ తెరిచినా చదవొచ్చు. 1915 నుంచి వరసగా వెళ్తే కుర్ర పాస్టర్ ఎలా మారుతున్నాడో మీకే కనిపిస్తుంది. నేచర్ అండ్ డెస్టినీ జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

---

ఎదురుగాలి

నోట్‌బుక్ అయ్యాక కోన్ రాసిన ఆ నీబూర్ అధ్యాయం. వెంటనే, గ్యాప్ ఇవ్వకుండా. అప్పుడు వచ్చి ఇక్కడ రాయండి ఏమనిపించిందో, అన్నతో ఇంకో రౌండ్ వేసుకుంటాను.